తిరగని బండి మీద నాకు నమ్మకం లేదు

పోయిన అక్టోబరులో మా ఆఫీసు కుర్రాడొకడు ఫోను పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. అనకాపల్లి వాడు. డాలస్ వచ్చి ఆరేళ్ళయింది. పదో తరగతిలో గోడకు అంటించుకున్న పోర్షే బొమ్మ ఇంకా వాడి తలలోంచి ఊడిపోలేదు. ఫోనులో ఒక ప్రకటన చూపించాడు. 2002 నాటి పోర్షే 911 కరేరా, వెండి రంగు, మాన్యువల్ గేర్లు. పుట్టి ఇరవై ఏళ్ళు దాటినా తిరిగింది మాత్రం 28,000 మైళ్ళు.

"అన్నా, దీన్ని అసలు వాడనే లేదు. కొత్త బండి కింద లెక్క," అన్నాడు.

ఆ రెండు వాక్యాల మధ్య ఒక "కాబట్టి" నక్కి కూర్చుంది. వాడలేదు, కాబట్టి కొత్తది. అదే ఏడాదివి, లక్ష మైళ్ళ చిల్లర తిరిగినవి ఎంతకు పోతున్నాయో చూస్తే, ఆ "కాబట్టి" ఖరీదు తొమ్మిది వేల డాలర్లు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా తలకిందులు. ఇలాంటి కారు తక్కువ తిరిగిందంటే, అది పైన డబ్బులిచ్చి కొనుక్కోవలసిన సుగుణం కాదు, ధర తగ్గించి అడగవలసిన లోపం. ఆ మాట వాడికి ఒక్క కాఫీ చల్లారేలోగా చెప్పలేకపోయాను. అందుకే ఈ టపా.

ముందే ఒప్పుకుంటున్నాను, నేను మధ్యస్థుణ్ణి కాను. నా దగ్గర పోర్షే వాళ్ళదే 2001 బాక్స్‌టర్ ఎస్ ఉంది. 1,12,000 మైళ్ళ దగ్గర కొన్నాను, ఇప్పుడు 1,41,000 మీద ఉంది. ఎక్కువ తిరిగిన బండి కొన్నవాడు ఎక్కువ తిరిగిన బండే మేలనడంలో వింతేముందని మా ఆవిడ ఇదివరకే అనేసింది. మీరు కొత్తగా అనక్కర్లేదు.

అందరికీ తెలిసిన ఒకే ఒక్క భయం

ఈ తరం పోర్షేల గురించి ఎక్కడ నోరు విప్పినా మూడో మాట ఐఎంఎస్ బేరింగ్. దసరా విందులో పులిహోర వడ్డించుకుంటూ కూడా ఎవరో ఒకరు ఆ మూడక్షరాలూ పలుకుతారు. ఐఎంఎస్ అంటే ఇంటర్మీడియట్ షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడును, వాల్వులు తెరిచే కామ్‌షాఫ్టుల గొలుసులకు అందించే నడిమి షాఫ్టు. గాలితో చల్లబడే పాత 911 ఇంజన్లలో దాన్ని మోసేవి సాదా బేరింగులు, వాటికి ఆయిల్ ఒత్తిడితో అందేది. 1996లో బాక్స్‌టర్‌తోనూ, మరుసటి ఏడాది 996 తరం 911తోనూ వచ్చిన, నీటితో చల్లబడే ఇంజనులో, ఆ షాఫ్టుకు ఒక చివర మూత బిగించిన బాల్ బేరింగ్ పెట్టారు. లోపల గ్రీజు, బయట సీలు. సీలు గట్టిగా ఉన్నంత కాలం బాగానే ఉంటుంది. వయసు మీరాక ఇంజను ఆయిల్ లోపలికి పాకి గ్రీజును కడిగేస్తుంది. అక్కడి నుంచి ఆ బేరింగుకు గ్రీజూ లేదు, తగినంత ఆయిలూ ఆడదు. రెంటికీ చెడ్డ రేవడి. అది విరిగితే షాఫ్టు ఊగుతుంది, గొలుసు పళ్ళు తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఆ ఇంజను మార్చే ఖర్చు కారు ధరతో పోటీ పడుతుంది.

మొదట వేసినది రెండు వరసల గోళీల బేరింగు. 2000 ప్రాంతం నుంచి 2005 దాకా ఒంటి వరసది. మధ్యలో ఒకటి రెండేళ్ళు ఏ ఇంజనులో ఏది ఉందో విప్పితే గాని తెలియదు. నాది ఆ బాపతే. ఒంటి వరస వాటి మీద అమెరికాలో యజమానులు కలిసి వేసిన దావా 2013లో రాజీతో ముగిసింది. ఆ దావాలో బయటకు వచ్చిన లెక్క ప్రకారం ఒంటి వరసవి వందకు సుమారు ఎనిమిది, రెండు వరసలవి వందకు ఒకటి చొప్పున పోయాయి. 2005 తర్వాత పెద్ద బేరింగు పెట్టారు. 2009 మోడళ్ళ నుంచి ఆ షాఫ్టునే ఎత్తేశారు. ఈ తరంలోనే ఖరీదైన టర్బో, జీటీ3 మోడళ్ళకు ఇంజనీరు హాన్స్ మెట్స్‌గర్ పేరుతో పిలిచే వేరే ఇంజను ఉంది, దానికి ఈ గొడవ లేదు. దాని ధర మనకు అందదు కాబట్టి వదిలేద్దాం.

వందకు ఎనిమిది చిన్న సంఖ్య అని నేననను. కానీ ఈ ఒక్క భయం మిగతావాటినన్నిటినీ కళ్ళకు కనపడకుండా చేసింది. బేరింగు మార్చిన రసీదు ఒకటి చూపిస్తే చాలు, కొనేవాడు ఇంకేమీ అడగడు. నా కారు ఐదేళ్ళలో నన్ను రెండుసార్లు నడిరోడ్డు మీద నిలబెట్టింది, రెండుసార్లూ బేరింగు వల్ల కాదు. ఒకసారి కూలెంట్ ట్యాంకు పగిలి కారు వెనక భాగమంతా తీపి వాసన. ఇంకోసారి ఆయిల్ ఆవిరిలోంచి ఆయిల్‌ను వేరు చేసే ప్లాస్టిక్ డబ్బా చెడి, సిగ్నల్ దగ్గర ఎంత తెల్లటి పొగ వచ్చిందంటే, వెనక కారులో ఆవిడ అగ్నిమాపక దళానికి ఫోను చేయబోయింది. పోయిన వస్తువు విలువ రెండుసార్లూ కారు విలువలో కొద్ది పాలే. పరువు నష్టం వేరే లెక్క.

మా నాన్నగారి తరానికి జర్మనీ సరుకంటే చెడదని ఒక గుడ్డి గౌరవం. అది మాకూ వారసత్వంగా వచ్చింది. నిజానికి ఈ కార్లు పుట్టింది ఆ కంపెనీ దాదాపు మునిగిపోతున్న రోజుల్లో. పగ్గాలు పట్టిన వెండెలిన్ వీడెకింగ్ జపాను నుంచి, టయోటా పద్ధతులు తెలిసిన సలహాదారులను పిలిపించి ఖర్చు ఎక్కడెక్కడ తగ్గుతుందో వెతికించాడు. చవక బాక్స్‌టర్‌కూ ఖరీదైన 911కూ తలుపులు, ముందు భాగం ఒకటే చేశారు. వేపిన గుడ్డు అని లోకమంతా వెక్కిరించిన ఆ హెడ్‌లైట్లు మొదట్లో రెంటికీ ఉమ్మడి. ఆ పొదుపే లేకపోతే ఈనాడు ఆ కంపెనీ ఉండేది కాదేమో. కానీ పైసా పైసా చూసుకుని కట్టిన యంత్రాన్ని పట్టుకుని, జర్మనీది కాబట్టి ఇరవై ఏళ్ళు పడుకోబెట్టినా ఏమీ కాదనుకోవడం భక్తే తప్ప లెక్క కాదు.

పడుకోబెడితే లేవదు

మా తాతయ్యకు పామర్రు దగ్గర కాలువ చివరి పొలం మూడెకరాలు ఉండేది. నీళ్ళు వాటంతట అవి ఎక్కేవి కావు, తోడుకోవాలి. అందుకని ఐదు హార్స్‌పవర్ ఆయిల్ ఇంజను ఒకటి కొన్నాడు. ఎండాకాలం కాలువలు కట్టేశాక దానికి పనేమీ ఉండదు, పాకలో ఉంటుంది. అయినా పది పదిహేను రోజులకొకసారి బెల్టు ఊడదీసి, హ్యాండిల్ తిప్పి, ఊరికే అరగంట ఆడించేవాడు. డీజిలు దండగని మామ్మ గొణిగేది. సెలవులకు వెళ్ళిన నేను ఒకసారి అడిగాను, నీళ్ళే లేవు కదా తాతయ్యా, ఇప్పుడెందుకని.

"పడుకోబెడితే లేవదురా," అన్నాడు.

ఒక ఏడు తాతయ్య జబ్బుపడి రెండు నెలలకు పైగా బెజవాడ ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంజను ముఖం చూసినవాళ్ళు లేరు. నాట్ల వేళకు హ్యాండిల్ కదలలేదు. గుడివాడ నుంచి వచ్చిన మెకానిక్ హెడ్డు ఎత్తి చూపించాడు. లైనర్ గోడ మీద ఇటుక రంగు తుప్పు, రింగులు దానికి అతుక్కుపోయి ఉన్నాయి. చెక్క ముక్క పెట్టి సుత్తితో కొడుతుంటే వచ్చిన చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది.

పోర్షే ఆయిల్ ఇంజను కాదు, నాకు తెలుసు. కానీ రబ్బరు రబ్బరే, నీరు నీరే. నెలకొకసారి కారు స్టార్టు చేసి, వీధి చివరిదాకా వెళ్ళి వచ్చి ఆపేస్తే ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన చెమ్మ ఆవిరై పోయే దారి లేక ఆయిల్లోనే ఉంటుంది, ఆమ్లంగా మారుతుంది. ఆ ఆయిల్లోనే ఆ సీలు, దాని వెనక ఆ గ్రీజు. ఏడాదికి పదివేల మైళ్ళు హైవే మీద తిరిగే కారులో, శ్రద్ధ ఉన్న యజమాని చేతిలో, ఆయిల్ ఏడాదికి రెండుసార్లు మారుతుంది, ప్రతిరోజూ బాగా కాగుతుంది. ఏడాదికి పదమూడు వందల మైళ్ళు తిరిగే దానిలో ఏమవుతుంది? కంపెనీ పుస్తకంలో ఆయిల్ మార్పుకు 15,000 మైళ్ళు అని ఉంటుంది. కాలపు గడువు సంగతి కూడా అక్కడే ఉంటుంది గాని, మనుషులు మైళ్ళ అంకె ఒక్కటే చదువుతారు.

గ్యారేజీలో మహారాణి

వాడు వదల్లేదు. "నువ్వు వచ్చి చూడన్నా, చూశాక తిట్టు," అన్నాడు. శనివారం పొద్దున ప్లేనో వెళ్ళాం. అమ్మే ఆయన రిటైరైన పెద్దమనిషి, మర్యాదస్థుడు. గ్యారేజీ మా వంటిల్లంత శుభ్రంగా ఉంది. కారు మీద ఎర్రటి మెత్తటి ముసుగు. ఆయన దాన్ని మడతలు పెట్టుకుంటూ తీస్తుంటే మావాడు పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. రంగు మీద గీత లేదు. సీటు తోలు ముడత పడలేదు. వానలో దీన్ని ఒక్కసారి కూడా బయటకు తీయలేదని ఆయన గర్వంగా చెప్పాడు.

తాళం తిప్పితే టిక్కుమని కూడా అనలేదు. బ్యాటరీ చచ్చిపోయింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఈ కారులో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది. ఆ డిక్కీ గొళ్ళెం తెరుచుకోవాలంటే కరెంటు కావాలి. పెట్టె తాళం చెవి పెట్టెలోనే పెట్టి మూసినట్టన్నమాట. డ్రైవరు ఎడమ పాదం పక్కన ఫ్యూజుల పెట్టెలో ఒక చిన్న లోహపు ముక్క బయటకు లాగేలా ఉంటుంది. దానికి వేరే బ్యాటరీ పాజిటివ్ తీగ తగిలించి, రెండో తీగ తలుపు కొక్కేనికి పెడితే గొళ్ళెం ఊడుతుంది. నాకు తెలిసిన ఈ విద్య, ఇరవై ఏళ్ళుగా ఆ కారు ఉన్న ఆయనకు తెలియదు. బ్యాటరీ పోయినప్పుడల్లా ఎవరినో పిలిపించేవాడట. ఎన్నిసార్లు పోయిందని అడిగాను. నవ్వేసి మాట మార్చాడు.

మేం తంటాలు పడుతుండగా మావాడు టైరు పక్కన చతికిలబడ్డాడు. టైరు గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. "3611" అని చదివాడు. 2011 సెప్టెంబరు. టైరు మీది గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి, పక్క గోడ మీద మాత్రం ఎండిన చెరువులో మట్టిలాగా సన్నటి బీటలు. వాడి కళ్ళల్లో మొదటిసారి అనుమానం చూశాను. రసీదుల కవరులో ఆయిల్ మార్పులు నాలుగు కనిపించాయి. నాలుగే.

ఇంజను చివరికి లేచింది. మొదట కాస్త నీలి పొగ, అది సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే ఈ ఇంజన్లకు మామూలే. తర్వాత ఆ గొంతు. నిజం చెప్పొద్దూ, ఆ గొంతు విన్నాక ఈ టపాలో ఇప్పటిదాకా రాసినదంతా రెండు నిమిషాలపాటు నేనూ మర్చిపోయాను.

నా మాటకు అడ్డొచ్చినవి

బీమా లెక్కలు వేసే స్నేహితుడొకడున్నాడు. నా వాదన అంతా విని, నీ కళ్ళకు బతికి బట్టకట్టినవే కనపడుతున్నాయిరా అన్నాడు. ముప్పై వేల దగ్గర చచ్చిన ఇంజన్లు అమ్మకానికి రావు. లక్ష దాటినవాటిని చూసి, తిరిగాయి కాబట్టి గట్టిగా ఉన్నాయంటున్నావు. గట్టివి కాబట్టి తిరిగాయేమో. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తున్నావు.

దీనికి రెండు రోజులు నా దగ్గర జవాబు లేదు. వాడి మాటలో సగం ఒప్పుకోక తప్పదు. తిప్పడమే మందు అని నేను తాతయ్య పేరు చెప్పి అన్నంత గట్టిగా అనలేను. కానీ కొనేవాడిగా నాకు ఆ తేడాతో పనేముంది? తిరిగి గట్టిపడిందో, గట్టిదై తిరిగిందో, నాకు కావలసింది గట్టిది. లక్ష మైళ్ళు అనేది ఒక జల్లెడ. ఆ జల్లెడ పట్టిన ఖర్చు ఇంకెవరో పెట్టుకున్నారు. 28,000 మైళ్ళ బండి ఇంకా జల్లెడ ఎక్కనే లేదు. రాళ్ళుంటే నా పంటి కిందే పడతాయి. అలాంటి బియ్యానికి ఎక్కువ ధర ఇవ్వమంటే ఎలా?

మా ఆవిడ వేసిన ప్రశ్న ఇంకా ముల్లులాంటిది. నా బాక్స్‌టర్‌తో వచ్చిన రసీదుల ఫైలు రెండంగుళాల మందం. నేను దాన్ని అతిథులకు కూడా చూపిస్తాను. "ఆసుపత్రి ఫైలు అంత లావుగా ఉంటే మనిషి ఆరోగ్యంగా ఉన్నాడంటారా?" అంది. అనరు. అందుకే ఫైలు మందం కాదు, అందులో ఏముందో చదవాలి. నాకు అమ్మినాయన బడిలో బ్యాండు నేర్పే మాస్టారు. 74,000 మైళ్ళ దగ్గర క్లచ్ మార్పించాడు. దానికి ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి కాబట్టి ఆ బేరింగూ, క్రాంక్ వెనక సీలూ అప్పుడే వేయించాడు. లాగుడు బండి బిల్లు ఒక్కటీ లేదు. అన్నిటికంటే, ఒక రసీదు అంచున పెన్సిలుతో సన్నగా రాసుకున్నాడు, వచ్చే ఏడు వాటర్ పంపు అని. తర్వాతి ఏడు తేదీతో వాటర్ పంపు రసీదు దాని కిందే ఉంది. నేను ఆ కారు కొన్నది నడిపి చూసి కాదు, ఆ పెన్సిలు గీత చూసి.

మైళ్ళు అరగదీసేవి లేవని కాదు. బుష్షులు, షాక్ అబ్జార్బర్లు, క్లచ్ అన్నీ మైళ్ళ లెక్కనే పోతాయి. నాది కొన్నాక వాటికే ఎక్కువ ఖర్చయింది. ఇక 2002 నుంచి వచ్చిన 3.6 లీటర్ల ఇంజనులో సిలిండరు గోడలు గీతలు పడే జబ్బు ఉంది, దాని మీద నా సిద్ధాంతం పనిచేయదు. తక్కువ తిరిగినా ఎక్కువ తిరిగినా సన్నటి కెమెరా లోపలికి దించి చూడాల్సిందే. రెండు పొగగొట్టాల్లో ఎడమది మాత్రం మసిబారి ఉంటే ముందే జాగ్రత్తపడాలి.

భాగాలకు ధర తగ్గిన సంగతి తెలియదు

అసలు ప్రమాదం బేరింగులో కంటే కొనేవాడి జేబులో ఎక్కువ ఉందని నా అనుమానం. ఈ కారు కొత్తలో 65 వేల డాలర్ల పైమాట. ఆ బేరింగు భయం, ఆ గుడ్డు హెడ్‌లైట్లు కలిసి ఈ తరాన్ని ఏళ్ళ తరబడి అన్నిటికంటే చవకైన 911గా ఉంచాయి. మనలాంటివాళ్ళం కొనగలుగుతున్నది ఆ పుణ్యానే. కానీ కారు ధర మూడో వంతుకు పడిపోయిన సంగతి దాని బ్రేకు డిస్కులకు తెలియదు, రేడియేటర్లకు తెలియదు. అవి ఇంకా 65 వేల డాలర్ల కారు భాగాలే. మొదటి యజమాని అడిగిందల్లా పెట్టాడు. రెండోవాడు ఆలోచించి పెట్టాడు. మూడోవాడు ఉన్నదంతా ఊడ్చి కారు కొన్నాడు, ఇక పెట్టడానికేమీ లేదు. ఈ కార్లలో చాలా భాగం చచ్చేది ఆ మూడోవాడి చేతుల్లో. చెడ్డపేరు మాత్రం జర్మనీకి వస్తుంది.

అందుకే మావాణ్ణి నేనడిగిన మొదటి ప్రశ్న కారు గురించి కాదు. ఊళ్ళో ఇంటి అప్పుకు నెలనెలా ఎంత పంపుతున్నావు, కారు కొన్నాక ఐదారు వేలు ముట్టుకోకుండా పక్కన ఉంచగలవా అని అడిగాను. వాడికి కోపం వచ్చింది. తర్వాత లెక్క వేసుకుని వచ్చాడు, ఉంచగలనన్నాడు.

హైదరాబాదు నుంచి చదివేవాళ్ళకు ఈ ఫలానా కారుతో పనిపడకపోవచ్చు, మూడేళ్ళు దాటిన పాత కార్లను మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. కానీ డాక్టరుగారు వాడిన జర్మన్ సెడాన్, ఐదేళ్ళకు పద్దెనిమిది వేల కిలోమీటర్లే అనే ప్రకటనలు అక్కడా చూస్తూనే ఉన్నాను. ఆ అంకె నిజమైనా నాకు సంతోషం కలగదు. అబద్ధమైతే చెప్పేదేముంది.

వాడు కొన్నాడు

అవును, ఆ వెండి రంగుదే కొన్నాడు. నేనిన్ని చెప్పాక కూడా. కాకపోతే ఊరికే కొనలేదు. కంపెనీతో సంబంధం లేని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. ఆయన ఆయిల్ ఫిల్టరు కోసి, కాగితం మడతలు విప్పి, దీపం కింద చీర పరిచినట్టు పరిచాడు. అయస్కాంతంతో నిమిరాడు. ఇనుప రజను రాలేదు. గోధుమరంగు ప్లాస్టిక్ తునకలు రెండు దొరికాయి, గొలుసును ఒరుసుకునే పట్టీలవట, ఈ వయసుకు మామూలేనన్నాడు. సిలిండర్లలోకి కెమెరా దించితే గీతల్లేవు. అప్పుడు టైర్లు, ఆయిల్ రసీదులు, మార్చని బేరింగు, అన్నీ వరసపెట్టి చూపించి 6,500 డాలర్లు తగ్గించుకున్నాడు. తొమ్మిది వేల "కాబట్టి"లో చాలా మటుకు వెనక్కి రాబట్టాడు. ఆ కవర్లో ఉన్న నాలుగు రసీదులే వాడి బేరానికి ఆయుధాలయ్యాయి.

వారంలోగా గేర్‌బాక్స్ దింపించి బేరింగు మార్పించాడు. పాతది ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చారు. సోమవారం ఆఫీసుకు తెచ్చాడు. చిన్నపిల్లల గాజు అంత ఉంది. సీలు పీకి చూపించాడు. లోపల గ్రీజు జాడ లేదు, నల్లటి ఆయిల్ చెమ్మ, పాత షెడ్డు వాసన. చూశావా, నేను చెప్పలేదూ అన్నాను.

వాడేమీ అనలేదు. దాన్ని చూపుడువేలికి తొడిగి రెండో చేత్తో తిప్పాడు. చప్పుడు లేదు, కుదుపు లేదు, పట్టుకోవడం లేదు. తిరుగుతూనే ఉంది. ఇప్పుడది వాడి బల్ల మీదే ఉంటుంది. నేను అటుగా వెళ్ళినప్పుడల్లా వేలితో ఒకసారి తిప్పి వదులుతాడు.